ఇంటి రూటర్‌లో ఫైర్‌వాల్: ఎవరిని ఆపుతుంది, ఎవరిని వదిలేస్తుంది

కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ వచ్చిన రోజు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే తంతు. టెక్నీషియన్ వచ్చి గోడకు ఒక పెట్టె బిగిస్తాడు. పెట్టె అడుగున అంటించిన స్టిక్కర్ చూపించి, వైఫై పాస్‌వర్డ్ ఇదేనని చెప్పి వెళ్లిపోతాడు. ఫోన్‌లో వీడియో ఆడిందంటే పని అయిపోయినట్టే. ఆ తర్వాత ఆ పెట్టె సెట్టింగ్స్ పేజీ వైపు ఏళ్ల తరబడి ఎవరూ తొంగిచూడరు. ఈలోగా టీవీ, కెమెరా, ప్రింటర్, స్పీకర్, బల్బు ఒక్కొక్కటిగా వచ్చి దాని కింద చేరుతూనే ఉంటాయి. ఎప్పుడైనా టెన్షన్ అనిపిస్తే, రూటర్‌లో ఫైర్‌వాల్ ఉందిగా అని సర్దుకుపోతారు.

ఉన్న మాట నిజమే. ఇళ్లలో వాడే రూటర్లలో దాదాపు అన్నిటికీ ఫైర్‌వాల్ ఉంటుంది, చాలావాటిలో మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. పిలవకుండా బయటి నుంచి వచ్చేవాళ్లను అది గట్టిగానే ఆపుతుంది. కానీ ఇంట్లో ఉన్న వస్తువు తానే బయటివాళ్లతో మాట కలిపితే, లేదా లోపలి నుంచి గడియ తీసిపెడితే, అడ్డు చెప్పదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. అందుకే ఇంటి నెట్‌వర్క్ పెట్టుకునేటప్పుడు బయటి గోడ సంగతి కంటే, లోపల ఉన్నవాటిలో దేన్ని ఎంతవరకు నమ్మాలన్నదే పెద్ద ప్రశ్న.

పట్టికలో ఒక వరుస

రూటర్ అని పిలిచే పెట్టెలో నిజానికి చాలా పనులు కలిసి ఉంటాయి. ఇంటి నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్‌తో కలుపుతుంది. వైఫై సిగ్నల్ ఇస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి పరికరానికీ నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబర్, అంటే ఐపీ అడ్రస్ కేటాయిస్తుంది, ఈ పనిని డీహెచ్‌సీపీ అంటారు. వెబ్‌సైట్ పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ ప్రశ్నలను ముందుకు పంపుతుంది. వీటన్నిటితో పాటు, వచ్చీపోయే ప్రతి ప్యాకెట్‌నూ, అంటే సమాచారపు ప్రతి చిన్న ముక్కనూ, ఫైర్‌వాల్‌గా కనిపెట్టి చూస్తుంది.

ఎలా చూస్తుందో ఒక్క కనెక్షన్‌ను దగ్గరగా పట్టుకుంటే తెలిసిపోతుంది. ఇంట్లో ఫోన్ అడ్రస్ 192.168.1.23 అనుకుందాం. రూటర్‌కు బయట ఉన్న అడ్రస్ 203.0.113.7 అనుకుందాం. ఇది ఇలాంటి ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన అడ్రస్ వరుసలోది. ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ తెరిచారు. ఫోన్ తన 51514 పోర్ట్ నుంచి ఆ సైట్ 443 పోర్ట్‌కు ఒక ప్యాకెట్ పంపింది. పోర్ట్ అంటే ఒకే అడ్రస్‌లో ఒక్కో సంభాషణకు వాడే తలుపు నంబర్ లాంటిది. రూటర్ ఆ ప్యాకెట్‌ను ఆపి, పంపినవాళ్ల అడ్రస్ చెరిపి, అక్కడ తన బయటి అడ్రస్ రాస్తుంది. పోర్ట్ నంబర్‌ను కూడా అవసరమైతే 40112 లాంటి మరో నంబర్‌గా మారుస్తుంది. మార్చిన సంగతిని తన మెమరీలోని పట్టికలో ఒక వరుసగా రాసుకుంటుంది: లోపలి ఫలానా ఫోన్, ఫలానా పోర్ట్ నుంచి, బయటి ఫలానా సైట్‌తో మాట్లాడుతోంది, దానికి ఇచ్చిన గుర్తు 40112.

సైట్ నుంచి జవాబు 40112కు వస్తుంది. రూటర్ పట్టిక చూస్తుంది. వరుస ఉంది, పంపినవాళ్లు కూడా సరిపోయారు, కాబట్టి ఫోన్‌కు చేరవేస్తుంది. అదే క్షణంలో ఎక్కడి నుంచో ఎవరో 23వ పోర్ట్ మీద తలుపు కొట్టారు. పట్టికలో దానికి వరుస లేదు. ఆ ప్యాకెట్ అక్కడికక్కడే పడిపోతుంది, చాలాసార్లు జవాబు కూడా ఇవ్వకుండానే. మాటలు ఆగిపోయి కొంతసేపైతే ఆ వరుసనూ రూటరే చెరిపేస్తుంది. ఇలా నడుస్తున్న సంభాషణలను గుర్తుంచుకుని తీర్పు చెప్పే ఫైర్‌వాల్‌ను స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్ అంటారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. పట్టికలో వరుస రాయించేది ఎప్పుడూ లోపలివాళ్లే. ఫోన్ అయినా, ల్యాప్‌టాప్ అయినా, ఎవరు తయారుచేశారో కూడా గుర్తులేని బల్బు అయినా రూటర్‌కు తేడా లేదు. లోపలి నుంచి వచ్చింది కాబట్టి వరుస రాస్తుంది, దారి ఇస్తుంది. కెమెరాలో చొరబడిన ప్రోగ్రామ్ బయటి సర్వర్‌తో మాట్లాడాలనుకుంటే, మామూలు సెట్టింగ్స్‌లో రూటర్ దానికీ అంతే మర్యాదగా తలుపు తీస్తుంది.

అడ్రస్ మార్పిడిని ఫైర్‌వాల్ అనుకోవద్దు

పైన జరిగిన అడ్రస్ మార్పిడిని న్యాట్ అంటారు. న్యాట్ ఉంది కాబట్టి ఇల్లు భద్రం అనే మాట తరచూ వినిపిస్తుంది. ఈ అపోహను వదిలించుకోవాలి, ఎందుకంటే న్యాట్ పుట్టింది భద్రత కోసం కాదు, అడ్రస్‌ల కరువు వల్ల. ఐపీవీ4 అనే పాత పద్ధతి అడ్రస్‌లో 32 బిట్లే ఉంటాయి. అన్నీ కలిపినా దాదాపు 430 కోట్ల అడ్రస్‌లే. అవి చాలవని ముందే తెలిసి 1994లో న్యాట్ పద్ధతిని ప్రతిపాదించారు. 1996లో ఇంటి లోపల, ఆఫీసు లోపల ఎవరైనా వాడుకునేందుకు మూడు వరుసల అడ్రస్‌లను ఖాయం చేశారు. చాలా ఇళ్లలో కనిపించే 192.168తో మొదలయ్యే అడ్రస్ ఆ మూడు వరుసల్లో ఒకదానిది. అంతర్జాతీయ కేంద్ర నిల్వలో మిగిలిన ఐపీవీ4 అడ్రస్‌లు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి.

న్యాట్‌కూ ఫైర్‌వాల్‌కూ ఉన్న తేడా ఐపీవీ6 అనే కొత్త అడ్రస్ పద్ధతి వచ్చాక బయటపడింది. అందులో అడ్రస్‌కు 128 బిట్లు. కరువు అనే మాటే లేదు కాబట్టి న్యాట్ అవసరమూ మామూలుగా ఉండదు. ఇంట్లోని ప్రతి ఫోన్‌కూ, ప్రతి కెమెరాకూ ప్రపంచంలో ఎక్కడి నుంచైనా చేరగలిగే సొంత అడ్రస్ వస్తుంది. అప్పుడు బయటివాళ్లకూ కెమెరాకూ మధ్య నిలబడేది ఫైర్‌వాల్ నియమం ఒక్కటే. కొన్ని రూటర్లలో ఐపీవీ6 ఫైర్‌వాల్‌కు వేరే స్విచ్ ఉంటుంది. సెట్టింగ్స్ తెరిచిన రోజున మొట్టమొదట చూడాల్సిన వాటిలో ఇదొకటి. ఐపీవీ4 వైపు అంతా బిగించి, ఐపీవీ6 వైపు తలుపులు బార్లా తీసి పెట్టుకున్న ఇల్లు బయటికి మామూలుగానే కనిపిస్తుంది. నెట్ బాగానే నడుస్తుంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

ఇక రెండు పెట్టెల సమస్య. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెకు సొంతంగా కొన్న రూటర్ తగిలించినప్పుడు, ఆ పెట్టె కూడా రూటర్‌లాగే పనిచేస్తుంటే న్యాట్ రెండుసార్లు జరుగుతుంది. వెబ్‌సైట్లు, వీడియోలు నడిచిపోతాయి. ఆన్‌లైన్ గేమ్‌లు, బయటి నుంచి ఇంట్లోకి రావాల్సిన కనెక్షన్లు మొరాయిస్తాయి. దీనికి మందు రెండు రకాలు. కంపెనీ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి సొంత రూటర్‌కే మొత్తం పని అప్పగించడం ఒకటి. సొంత రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చి వైఫై కోసం మాత్రమే వాడుకోవడం ఇంకొకటి. ఫైర్‌వాల్ తన అదుపులో ఉండాలనుకునేవాళ్లకు మొదటిదే సరైన దారి.

రెండో రూటర్‌ను ఆ మోడ్‌లో పెట్టకుండా, దాని ల్యాన్ పోర్ట్‌కే, అంటే ఇంటి పరికరాలు కలిపే సాకెట్‌కే, కేబుల్ గుచ్చేస్తే ఇంకో చిక్కు. ఒకే ఇంట్లో ఇద్దరు అడ్రస్‌లు పంచడం మొదలుపెడతారు. ఏ పరికరానికి ఎవరి అడ్రస్ ముందు అందితే అదే తీసుకుంటుంది. పొద్దున పనిచేసిన ల్యాప్‌టాప్ మధ్యాహ్నానికి నెట్ లేదంటుంది, పక్కనే ఉన్న ఫోన్ హాయిగా నడుస్తుంటుంది. తప్పు కేబుల్‌దా, కంపెనీదా అని తలపట్టుకునే ముందు డీహెచ్‌సీపీ ఎన్ని చోట్ల ఆన్‌లో ఉందో చూస్తే చాలాసార్లు ముడి అక్కడే విడిపోతుంది.

లోపలి నుంచి తీసే గడియలు

సెట్టింగ్స్‌లో మొదటి పని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. వైఫై పాస్‌వర్డ్ వేరు, రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు, మొదటిది మార్చి రెండోదాన్ని ఫ్యాక్టరీలో పెట్టినట్టే వదిలేస్తారు. కేబుల్‌తో కంప్యూటర్‌ను కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 లేదా స్టిక్కర్ మీద రాసిన అడ్రస్ కొట్టి, ముందు దాన్ని మార్చాలి. మిగతా పరికరాలన్నీ ఆ తర్వాతే కలపాలి.

డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఎంత ఖరీదైన అలసత్వమో 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్ చూపించింది. అది చేసిన పనిలో గొప్ప తెలివేమీ లేదు. ఇంటర్నెట్ మీద టెల్‌నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి) పోర్ట్ తెరిచి ఉన్న కెమెరాలను, రికార్డర్లను, రూటర్లను వెతికి, తయారీదారులు పెట్టిన 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను వరుసగా ప్రయత్నించింది. అలా దొరికిన లక్షల పరికరాలను సైన్యంగా మార్చుకున్నారు. ఆ ఏడాది అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద దాడి జరిగినప్పుడు ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ లాంటి సైట్లు గంటల తరబడి చాలామందికి అందలేదు. మిరాయ్ పరికరం మెమరీలో మాత్రమే ఉండేది, ఆపి ఆన్ చేస్తే పోయేది. కానీ పాస్‌వర్డ్ అదే ఉంటే నిమిషాల్లో మళ్లీ వచ్చి కూర్చునేది. ఆ కెమెరాల యజమానుల్లో చాలామందికి తమ ఇంటి వస్తువు అలాంటి పనిలో పాల్గొందన్న సంగతే తెలియకపోయి ఉండాలి. వాళ్ల కెమెరా మామూలుగానే బొమ్మ చూపిస్తూ ఉంది మరి.

రెండో గడియ డబ్ల్యూపీఎస్. వైఫై పాస్‌వర్డ్ టైప్ చేసే శ్రమ లేకుండా బటన్ నొక్కి గానీ, 8 అంకెల పిన్‌తో గానీ పరికరాన్ని కలిపే సౌకర్యం ఇది. 8 అంకెలంటే 10 కోట్ల అవకాశాలు, బలంగానే అనిపిస్తుంది. లోపం దాన్ని సరిచూసే పద్ధతిలో ఉంది. చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కకట్టే అంకె, అంటే ఊహించాల్సినవి ఏడే. పైగా రూటర్ మొదటి నాలుగు అంకెలు సరిపోయాయో లేదో విడిగా చెప్పేస్తుంది. అప్పుడు నాలుగు అంకెలకు 10,000 ప్రయత్నాలు, మిగిలిన మూడింటికి 1,000. కోట్లు కాస్తా 11,000కు పడిపోయాయి. 2011 డిసెంబర్‌లో ఈ లోపం బయటపడింది. ఆ తర్వాత వచ్చిన చాలా రూటర్లు తప్పు పిన్‌లు ఎక్కువైతే లాక్ అవుతాయి. అయినా పిన్ పద్ధతిని పూర్తిగా ఆపేయడమే మేలు. ఒక్కసారి పాస్‌వర్డ్ టైప్ చేసే శ్రమకు ఇంత రిస్క్ అక్కర్లేదు.

మూడోది, అన్నిటికంటే తక్కువ మందికి తెలిసినది, యూపీఎన్‌పీ. గేమ్ కన్సోల్‌కో, కెమెరాకో బయటి నుంచి నేరుగా కనెక్షన్ రావాలంటే రూటర్‌లో ఒక పోర్ట్ తెరవాలి. ఆ పని మనుషులకు కష్టమని, పరికరమే రూటర్‌ను అడిగి తెరిపించుకునేలా దీన్ని తయారుచేశారు. అడిగేది ఎవరని మామూలుగా రూటర్ విచారించదు. పాస్‌వర్డ్ అడగదు. లోపలి నుంచి వచ్చిన కోరిక అయితే చాలు. కెమెరా పెట్టుకున్నవాళ్లకు తెలియకుండానే దాని లాగిన్ పేజీ ప్రపంచానికంతటికీ కనిపించే పరిస్థితి ఇలానే వస్తుంది. ఫైర్‌వాల్ తన పని తాను సరిగ్గా చేస్తున్నా, దానికి ముందే మినహాయింపు రాయించేశారు. యూపీఎన్‌పీని ఆపేసి రెండు రోజులు చూడాలి. ఏ గేమ్ అయినా మొరాయిస్తే, దానికి కావలసిన ఒక్క పోర్ట్‌ను ఆ ఒక్క పరికరానికి చేత్తో తెరవొచ్చు. అలా తెరిచింది కనీసం గుర్తుంటుంది.

బయటి నుంచి రూటర్ సెట్టింగ్స్ తెరవనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ అనే ఆప్షన్ ఉంటే ఆఫ్‌లో ఉండాలి. వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో డబ్ల్యూపీఏ3 ఉంటే అదే పెట్టాలి, పాత పరికరాలుంటే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్. 2001లోనే బద్దలైన వెప్ పద్ధతి ఇంకా మెనూలో కనిపిస్తే దాని జోలికి పోవద్దు. డబ్ల్యూపీఏ2లో పరికరం కలిసే క్షణంలోని సమాచారాన్ని పట్టుకుని, తీరిగ్గా తమ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌ను ఊహిస్తూ కూర్చునే వీలుంది. కాబట్టి చిన్న పాస్‌వర్డ్‌కు గుర్తులు, అంకెలు తగిలించడం కంటే, సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడవుగా పెట్టడం మంచిది. ఇంట్లోవాళ్లకు గుర్తూ ఉంటుంది.

ఒకే ఇంట్లో రెండు గదులు

ఇన్ని గడియలు బిగించినా మొదటి సమస్య అలాగే ఉంది. బల్బు, కెమెరా, ల్యాప్‌టాప్ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే ఒకదానికొకటి నేరుగా మాట్లాడుకోగలవు. ఆ మాటలు చాలావరకు ఫైర్‌వాల్ దాకా రావు. అందుకే ఇంటి భద్రతకు ఎక్కువ ఫలితమిచ్చే పని విడదీయడం. దీనికి చాలా రూటర్లలో ముందే ఉన్న గెస్ట్ నెట్‌వర్క్ చాలు. పేరు అతిథులదే అయినా, దాన్ని నమ్మకం లేని వస్తువుల గదిగా వాడుకోవచ్చు. కెమెరాలు, బల్బులు, ప్లగ్‌లు అక్కడ. ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, ఫైళ్లు దాచుకునే డిస్క్ ప్రధాన నెట్‌వర్క్‌లో.

టీవీ, ప్రింటర్ దగ్గర వస్తుంది అసలు పేచీ. ఫోన్ నుంచి టీవీకి వీడియో పంపాలన్నా, ప్రింటర్‌ను వెతకాలన్నా పరికరాలు ఒకే నెట్‌వర్క్‌లో కేకేసి ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. ఆ కేక గెస్ట్ నెట్‌వర్క్ గోడ దాటదు. ప్రింటర్‌ను ప్రధాన నెట్‌వర్క్‌లోనే ఉంచడం మేలు, లేకపోతే ఇంట్లోవాళ్లు రోజూ వైఫై మార్చుకోలేక చివరికి అన్నిటినీ మళ్లీ ఒకే చోట కలిపేస్తారు. టీవీ సంగతి వాడకాన్ని బట్టి ఉంటుంది. ఫోన్ నుంచి పంపే అలవాటు లేకపోతే గెస్ట్‌లోకి నెట్టేయొచ్చు. చాలా స్మార్ట్ పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే నడుస్తాయి కాబట్టి గెస్ట్ నెట్‌వర్క్‌లో ఆ బ్యాండ్ ఆన్‌లో ఉండాలి.

విడదీశామని నమ్మి వదిలేయకుండా పరీక్షించాలి. ఫోన్‌ను గెస్ట్ వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాలి. తర్వాత ప్రింటర్ అడ్రస్ కొట్టాలి. రూటర్ లాగిన్ పేజీ గానీ ప్రింటర్ పేజీ గానీ తెరుచుకుంటే, గెస్ట్ అన్నది పేరుకు మాత్రమే. కొన్ని మోడళ్లలో యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చగానే ఈ విభజన పనిచేయడం మానేస్తుంది, ఎక్కడా హెచ్చరిక కూడా రాదు.

కలిసిన పరికరాల జాబితాను కూడా అదే రోజు ఒకసారి చూడాలి. గుర్తుతెలియని పేరు కనిపించగానే పొరుగువాళ్లు చొరబడ్డారని కంగారుపడనక్కర్లేదు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తు) దాచి, నెట్‌వర్క్‌కో నకిలీ అడ్రస్ చూపిస్తున్నాయి. మ్యాక్ అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, A, Eలలో ఒకటైతే అది చాలావరకు అలాంటిదే. ఒక్కో పరికరం వైఫై ఆపి, జాబితాలో ఏది మాయమైందో చూస్తూ పేర్లు రాసుకుంటే ఓ అరగంటలో లెక్క తేలుతుంది. అన్నీ తేలాక కూడా ఒకటి మిగిలిపోతే పాస్‌వర్డ్ మార్చే సమయం వచ్చినట్టే.

వేరే ఫైర్‌వాల్ పెట్టె అవసరమా

రూటర్‌లో ఉన్న ఫైర్‌వాల్ కాకుండా, పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక చిన్న కంప్యూటర్‌నే ఫైర్‌వాల్‌గా మార్చుకునేవాళ్లున్నారు. కనీసం రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉంటే చాలు, ఒకటి బయటికి, ఒకటి లోపలికి. కొన్ని రూటర్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించుకునే దారి కూడా ఉంది. చాలా ఇళ్లకు ఇవేవీ అవసరం లేదు. అప్‌డేట్లు చూసుకునే ఓపిక, ఏదైనా చెడితే కూర్చుని సరిచేసే తీరిక ఉన్నవాళ్లకు మాత్రం ఇవి ఇచ్చే అదుపు వేరు. ఒకే కేబుల్ మీద వేర్వేరు నెట్‌వర్క్‌లు నడిపే వీల్యాన్‌లతో ఇంటిని రెండు కాదు, ఐదు గదులుగా విడదీయొచ్చు. ఏ గది ఏ గదితో మాట్లాడాలో నియమాలు రాయొచ్చు.

ఆ నియమాల్లో ఎక్కువమంది బోల్తా పడేది వరుస దగ్గర. పీఎఫ్‌సెన్స్ ఒక్కో గదికి రాసిన నియమాలను పైనుంచి కిందికి చదువుతుంది, సరిపోయిన మొదటిదాన్నే అమలు చేస్తుంది. కెమెరాల గదికి మూడు నియమాలు రాయాలనుకుందాం. డీఎన్‌ఎస్ కోసం రూటర్‌ను అడగనివ్వాలి. ఇంట్లోని మిగతా గదుల అడ్రస్‌లకు, రూటర్ సెట్టింగ్స్ పేజీకి వెళ్లనివ్వకూడదు. మిగిలిన ఇంటర్నెట్ అంతా వాడుకోనివ్వాలి. ఇదే వరుసలో ఉంటే పని జరుగుతుంది. మూడోదాన్ని తీసి పైన పెడితే, అన్నిటికీ అనుమతి అన్న మాట ముందే సరిపోతుంది, నిరోధించే నియమం దాకా ఒక్క ప్యాకెట్ కూడా రాదు. స్క్రీన్ మీద నియమం కళ్లముందే ఉంటుంది, కానీ అది చేసే పనేమీ ఉండదు.

ఇంత దూరం వెళ్లకుండా మామూలు రూటర్‌తోనే చేయగలిగింది ఒకటుంది. లోపలే రికార్డ్ చేసుకునే కెమెరాకు ఇంటర్నెట్‌తో పనిలేదు. పేరెంటల్ కంట్రోల్ లేదా యాక్సెస్ కంట్రోల్ పేజీలో ఆ కెమెరాకు ఇంటర్నెట్ మొత్తం ఆపేయొచ్చు. బయటి నుంచి చూడాల్సి వస్తే పోర్ట్ తెరవడానికి బదులు వీపీఎన్, అంటే బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి, పెట్టుకోవాలి. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ సరైన తాళంచెవి లేనివాళ్లకు జవాబే ఇవ్వదు, కాబట్టి పోర్టులు వెతుక్కుంటూ తిరిగేవాళ్లకు అక్కడ ఏదో ఉందన్న ఆనవాలు కూడా దొరకదు.

రూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా వచ్చేలా పెట్టాలి. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లోకి చేరినట్టు తేలింది, వాటిలో ఎక్కువ ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడే రూటర్లే. మిరాయ్‌లా కాకుండా దాని మొదటి భాగం ఆపి ఆన్ చేసినా పోయేది కాదు. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాల్సి వచ్చింది. తయారీదారు అప్‌డేట్లు మానేసిన మోడల్ సిగ్నల్ ఎంత బాగా ఇస్తున్నా మార్చేయడమే మంచిది. పాత లోపాలు అందరికీ తెలిసిపోయి ఉంటాయి, సరిచేసేవాళ్లు మాత్రం ఉండరు.

అన్నీ అయ్యాక చివరి పరీక్ష బయటి నుంచి చేయాలి. ముందు రూటర్ స్టేటస్ పేజీలో బయటి అడ్రస్ చూడాలి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఇంటర్నెట్ కంపెనీయే చాలా ఇళ్లను ఒకే అడ్రస్ వెనుక పెట్టిందని అర్థం. అప్పుడు ఈ పరీక్ష ఐపీవీ4తో తేలదు, ఐపీవీ6 వైపే చూడాలి. అలా కాకపోతే ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఆ అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొట్టాలి. కాసేపు తిరిగి ఏ పేజీ రాకుండా ఆగిపోవాలి. రూటర్ లాగిన్ పేజీ ప్రత్యక్షమైతే రిమోట్ మేనేజ్‌మెంట్ ఇంకా ఆన్‌లోనే ఉంది. కెమెరా పేజీ వస్తే యూపీఎన్‌పీ తెరిచిన పోర్టో, ఎప్పుడో చేత్తో తెరిచి మరిచిపోయిన పోర్టో మిగిలి ఉంది. పోర్ట్ ఫార్వర్డింగ్ జాబితా తెరిచి, దేనికోసం పెట్టారో ఇంట్లో ఎవరూ చెప్పలేని ప్రతి వరుసనూ తీసేసి, రూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి, మళ్లీ మొబైల్ డేటా మీద చూడాలి.